రక్తమున వచ్చునది, ఇంట దొరకునది

దీపావళి అమావాస్యనాడు గాంధీనగరులో సందెవేళకే టపాకాయల మోత మొదలగును. బళ్ళారి కోటకొండకు తగిలి ఆ చప్పుడు తిరిగివచ్చి రెండింతలై వినబడును. మా చిన్నతనమున ఆ వేళకు మా మేనమామగారు పెరటివైపు గదిలోనికి పోయి, కిటికీ తలుపులు బిగించుకొని, గోడకు వీపు చేర్చి కూర్చుండెడివారు. చేతిలోని తువాలును మెలిపెట్టుచుండెడివారు. అప్పుడు ఆయనను ఎవరును పిలువరాదు. వీధిలో చప్పుడు అణగిన పిమ్మట, ఏ పదకొండు గంటలకో వెలుపలికి వచ్చి, చల్లారిన అన్నము తిని పండుకొనెడివారు. మరునాటి ఉదయము యథాప్రకారముగ పత్తిమిల్లులో లెక్కలు వ్రాయుటకు పోయెడివారు.

అదే వేళకు వీధి అరుగుమీద మా అమ్మ మాచేత కాకరపువ్వొత్తులు వెలిగింపించుచు, చిచ్చుబుడ్డి రవ్వలు ఎగసినప్పుడెల్ల మాకంటె ముందు తానే చప్పట్లు కొట్టుచుండెడిది. ఆమె ఆయనకు తోబుట్టువు. ఇరువురును ఒక తల్లి కడుపున పుట్టినవారే. ఇరువురును ఒకే దారిని నడిచి వచ్చినవారే. ఒకరికి బాణసంచా పండుగ. మరియొకరికి అది బాంబు. ఈ వ్యత్యాసము ఎక్కడినుండి వచ్చెనను ప్రశ్న మా యింట చాలకాలము నలిగినది. ఈ సంచికను చదువు కుటుంబములలో మరికొన్నింటనైనను ఇట్టి ప్రశ్న ఉండవచ్చునని తోచి, మాకు తెలిసినంత వ్రాయుచున్నాము.

ఆ దారి రంగూను దారి. మన పెద్దలు దానిని రంగమనిరి. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయిన మనవారిని బర్మావారు కోరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండగా, వారిలో తెలుగువారు లక్షన్నరకు మించి యుండిరి. మా మాతామహులు తూర్పుగోదావరి తీరమునుండి పోయి, రంగూనులో ఒక బియ్యపు మిల్లులో పనిచేయుచుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించినవి. 1942 మార్చి 8 నాటికి నగరము జపానువారి వశమైనది. ఆ నెలలలో నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు, అధికభాగము కాలినడకన, స్వదేశమునకు దారిపట్టిరి. కలరావలన, మలేరియావలన, ఆకలివలన వేలకొలది మంది దారిలోనే రాలిపోయిరి.

మావారు ప్రోము మీదుగా ఐరావతి దాటి, ఆరకాను కొండలలోని టౌంగుప్ కనుమను పట్టి, తీరమునుండి పడవమీద అక్యాబునకు, అక్కడినుండి చిట్టగాంగునకు చేరిరి. అప్పటికి మామయ్యకు తొమ్మిదేండ్లు, అమ్మకు ఆరేండ్లు. మా అమ్మమ్మ మాత్రము చిట్టగాంగు చేరలేదు. కనుమదారిలోనే కలరా ఆమెను తీసికొనిపోయెను. మాకు చిన్ననాట చెప్పిన కథ ఇంతవరకే. తరువాత అమ్మకు పెండ్లియై, తుంగభద్ర కాలువకు నీరు వచ్చిన తరువాత మా నాన్నగారు సిరుగుప్ప తాలూకాలో భూమి కొనుటయు, పిల్లల చదువులకై గాంధీనగరులో ఇల్లు కట్టుటయు, మామయ్య కుటుంబముతో కూడ ఇక్కడికే వచ్చుటయు జరిగినవి. అమ్మ మా వసారాలో చాపలు పరచి ఇరుగుపొరుగు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పెను. మామయ్య మిల్లునకు పోయి వచ్చుటయే గాని ఎవరితోను నాలుగు మాటలు కలిపి యెరుగరు.

ఇద్దరి వ్యత్యాసమునకు మా యింటి పెద్దలు చెప్పిన కారణము ఒక్కటే. "వాడిది వాళ్ళ నాన్న పోలిక, ఉలికిపాటు మనిషి. దీనిది నాయనమ్మ ధాతువు. రక్తంలో వచ్చిందాన్ని ఏం చేస్తాం?" అని వారు తీర్పు చెప్పిరి. మేమును ఆ తీర్పును నమ్మితిమి. నమ్ముట సుఖముగ నుండెను. రక్తమే కారణమైనచో మరి అడుగవలసినది ఏమియు మిగులదు గదా!

ఇది మా ఒక్క యింటి సంగతి కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరులో చేరువరకు బళ్ళారి మద్రాసు రాష్ట్రములోనిదే. 1948 వరకు తుంగభద్రకు ఆవలి గట్టు నైజాము రాజ్యము. రజాకారుల దౌర్జన్యమునకు వెరచి ఆవలివారు పలువురు మూటాముల్లెలతో సరిహద్దు దాటి వచ్చిరి. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసు చర్య తరువాత, సంస్థానమునందలి పెక్కు గ్రామములలో ముస్లిము కుటుంబములు ఘోరహింసకు పాలైనవి. ఏ గట్టు పిల్లలైనను పిల్లలే. మనకు ఉత్తరముగ సింధనూరు తాలూకాలో ఆర్.హెచ్. క్యాంపులని పిలువబడు ఊళ్ళున్నవి. తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులు అక్కడ స్థిరపడిరి. కాలువ క్రింద భూములు కొనవచ్చిన మన రైతులు కట్టుకొన్న ఊళ్ళకును క్యాంపులనియే పేరు. పేరు ఒక్కటే, ఒకటి ఆశతో వచ్చినవారిది, మరియొకటి ప్రాణములు అరచేత పట్టుకొని వచ్చినవారిది.

2012లో మామయ్య మనుమరాలికి ఒక సంబంధము కుదురబోయి తప్పిపోయినది. అప్పటికి మామయ్య గతించి ఎనిమిదేండ్లు. "పెద్దాయనకి మనసు నిలకడ లేదటగా, వంశంలో ఉందేమో" అని వరుని వైపు పెద్దలు మధ్యవర్తితో అనిరట. మాకు కోపము రాలేదు. అదియే ఇప్పటికిని మాకు సిగ్గు. "వారన్నదానిలో తప్పేమున్నది, మామయ్య రక్తము అట్టిదే కదా" అని మేమే ఒకరితో నొకరము అనుకొంటిమి. ఆ మాట అమ్మ చెవిని బడెను. ఆమె ఎన్నడును లేనంత కోపముతో, అరువదేండ్లకు పైగా దాచుకొన్న సంగతిని ఆనాడు బయటపెట్టినది. దానిని చివర చెప్పెదము. ఆ తరువాతనే మాకు ఈ విషయమును గూర్చి చదువవలెనను కోరిక కలిగినది. ముందుగా శాస్త్రజ్ఞుల మాట వినుట న్యాయము.

జన్యువనగా తలిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు ఒక ఆజ్ఞాపత్రము వంటిది. శరీరములో ఏ పదార్థము ఎట్లు తయారుకావలెనో అది తెలుపును. ఆపద యెదురైనప్పుడు గుండె వడి పెంచు రసములు, మెదడులో భయమును రేపి మరల అణచు పదార్థములు అన్నియు ఈ ఆజ్ఞలను బట్టి తయారగునవే. అందుచేత భయమునుండి తేరుకొను శక్తిలో జన్యువులకు పాలు లేదనుట పొరపాటు. 1993లో అమెరికాలో వియత్నాం యుద్ధకాలపు సైనికులైన 4,042 కవలజంటలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులన్నియు సమానము. రెండు అండములనుండి పుట్టినవారికి, తక్కిన తోబుట్టువులకువలెనే, సగటున సగము సమానము. ఈ రెండు తెగలను పోల్చి చూచి, యుద్ధభయము వెంటాడు లక్షణములలో మనిషికిని మనిషికిని గల వ్యత్యాసమున సుమారు నూటికి 30 పాళ్ళు జన్యువులవలన వచ్చునని లెక్కకట్టిరి.

ఈ 30 అను అంకెను జాగ్రత్తగ చదువవలెను. మామయ్య భయములో 30 పాళ్ళు రక్తముది, 70 పాళ్ళు దారిది అని దీనికి అర్థము కాదు. సిరుగుప్ప రైతులకు ఈ లెక్క సులభముగ బోధపడును. ఒకే తూము క్రింద సమానముగ నీరందిన పది చేలలో దిగుబడి తేడాగ నున్నచో, అది విత్తనపు తేడా యనవచ్చును. కాలువ ఎగువన నీరు పుష్కలముగ పారి, చివరి భూములకు తడి యందని యేట, అదే విత్తనము వేసిన చేలలో వచ్చు తేడా నీటిది. పంటలో విత్తనపు పాలు ఎంతయని అడిగినచో, అన్ని కాలువలకును అన్ని యేండ్లకును చెల్లు అంకె ఒకటి లేదు. పై లెక్కయు ఎదిగిన సైనికులది. కొండదారిని నడిచిన పసిపిల్లలది కాదు.

ఏ జన్యువు ఈ పని చేయునని వెదకిన కథ మరియు విచిత్రమైనది. న్యూజిలాండులోని డ్యునెడిన్ నగరమున 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను శాస్త్రజ్ఞులు వెంబడించి పరిశీలించుచు వచ్చిరి. మెదడులోని సెరటోనిన్ అను పదార్థమును మోయు ఒక జన్యువునకు పొట్టి రూపము, పొడుగు రూపము అని రెండున్నవనియు, పొట్టి రూపము కలవారు కష్టములు వచ్చినప్పుడు ఎక్కువగ క్రుంగిపోవుదురనియు 2003లో ప్రకటించిరి. లోకమంతయు దానిని పట్టుకొనెను. 2019లో లక్షలాది మంది సమాచారముతో, ఇట్లు పేరుపొందిన 18 జన్యువులను మరల పరీక్షించగా, క్రుంగుబాటు విషయమున వాటికి ప్రత్యేకత ఏదియు కనబడలేదు. 2024లో పన్నెండు లక్షలకు పైబడిన మనుష్యుల జన్యువులను చూచి, గాయపడిన మనసు తేరుకొనకుండుటతో సంబంధమున్న 95 చోట్లను గుర్తించిరి. ఒక్కొక్కదాని బలము మిక్కిలి స్వల్పము. ఆ మనుష్యులలో అధికభాగము ఐరోపా సంతతివారు. కాబట్టి ఒక పిల్లవాని రక్తము తీసి, వీడు నిలదొక్కుకొనును, వీడు నిలదొక్కుకొనడు అని చెప్పగల పరీక్ష ఈనాటికిని లేదు. అట్టిది ఉన్నదని ఎవరైన అమ్మజూపినచో నమ్మరాదు.

యుద్ధము చూచిన పిల్లలనే పరీక్షించినవారును ఉన్నారు. సిరియా యుద్ధమునుండి తప్పించుకొని జోర్డాను చేరిన సుమారు 400 మంది బాలబాలికలను కొంతకాలము పరిశీలించి, 2019లో ఒక ఫలితము ప్రకటించిరి. మెదడులోని కొన్ని రసములను విరిచివేయు పదార్థము మోనోఅమైన్ ఆక్సిడేజ్. దానిని తయారుచేయు జన్యువునకు చురుకైన రూపము, మందమైన రూపము కలవు. మందమైన రూపమును, తేరుకొను శక్తియు రెండును కలిసిన మగపిల్లలలో మనసులోని ఒత్తిడి ఎక్కువ వేగముగ తగ్గినదని తేలెను. గమనింపవలసినదేమనగా, జన్యువు ఒంటరిగ ఏమియు తేల్చలేదు. మనిషి ఇంటనుండి, తోటివారినుండి, తన విశ్వాసమునుండి కూడగట్టుకొన్న బలముతో చేయి కలిపినప్పుడే దాని పని తెలియవచ్చినది.

మన పొరుగుననున్న నేపాళములో 1996 నుండి 2006 వరకు అంతర్యుద్ధము సాగెను. ఆ యుద్ధమున ఆయుధము పట్టింపబడిన 141 మంది పిల్లలను, అట్లు పట్టనివారు 141 మందిని పోల్చి చూచి 2008లో ఒక నివేదిక ప్రచురించిరి. సైన్యమునుండి తిరిగివచ్చినవారి మనోవేదన ఎక్కువ. అందును ఆడపిల్లలది మరియు ఎక్కువ. తరువాత 2016లో వారి నెత్తుటిని పరీక్షించి, భయము వెంటాడుచున్నవారిలో వాపు పుట్టించు జన్యువులు విజృంభించియుండుటను, సూక్ష్మజీవులతో పోరాడు జన్యువులు మందగించియుండుటను చూచిరి. అయితే తేరుకొను శక్తి అధికముగ నున్నవారిలో ఈ క్రమము తలక్రిందైనది. జన్యువు మనసును నడుపునని విన్నాము. మనసునకు కుదురు చిక్కిన చోట జన్యువుల నడకయు మారియుండుట ఇక్కడ చూచుచున్నాము. ఆజ్ఞాపత్రము మారలేదు, ఏ ఆజ్ఞను బిగ్గరగ చదువవలెను, దేనిని మెల్లగ చదువవలెను అనునదే మారినది.

పిల్లలలో కొందరు పుట్టుకతోనే మిక్కిలి సున్నితముగ నుందురని, అది దోషము కాదని థామస్ బాయిస్ అను అమెరికా శిశువైద్యుడు చాలకాలముగ చెప్పుచున్నాడు. ఆయన చెప్పిన పూలు మన ప్రాంతపువి కావు. మన చెట్లతో చెప్పుకొందము. జిల్లేడు మన బళ్ళారి ఎండలోను, రాతి సందులోను, నీరు పోసినను పోయకున్నను పెరుగును. తమలపాకు తీగకు నీడ కావలెను, తడి కావలెను, ఊతకొమ్మ కావలెను. అవి లేనిచోట అది ముందుగ వాడును. ఉన్నచోట పెండ్లిపీటలవరకు పోవును. తీగ వాడినదని విత్తును నిందించుటకు ముందు నీడ ఇచ్చితిమా అని చూచుకొనవలెను. సున్నితమైన పిల్లవానికి కష్టకాలము ఎక్కువ కీడు చేసినట్లే, ఆదరణయు ఎక్కువ మేలు చేయునని ఈ వాదపు సారము.

ఇక తరములు దాటు సంగతి. పెద్దల భయము మనుమల రక్తములోనికి దిగునా? 1944–45 చలికాలమున హాలండులో యుద్ధమువలన ఘోరమైన కరవు వచ్చెను. ఆ కరవు రోజులలో తల్లి గర్భమున పడినవారిని అరువదేండ్ల తరువాత పరీక్షించి, వారి తోబుట్టువులతో పోల్చగా, పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువుమీద మిథైల్ అను రసాయన గుర్తులు తక్కువగ నున్నట్లు 2008లో తెలిసినది. 2025లో సిరియా కుటుంబములు 48, మనుష్యులు 131 మందిని పరీక్షించి, హింసను స్వయముగ చూచినవారిలో 21 చోట్ల ఇట్టి గుర్తులు మారినవనియు, 1980 దశకమున హమా నగరపు మారణకాండనాడు గర్భవతులైన స్త్రీల మనుమలలో 14 చోట్ల మారినవనియు ప్రకటించిరి. ఇది ఆశ్చర్యకరమైన విషయమే. కాని కుటుంబముల సంఖ్య స్వల్పము. ఆ గుర్తులు ఏ రోగమునకో, ఏ పిరికితనమునకో చిహ్నములని పరిశోధకులు నిరూపింపలేదు. గుర్తు వేరు, రాత వేరు. అమ్మమ్మ బాధ మనుమరాలి కణములో ఒక చుక్కగ మిగిలినదనుట ఒక యెత్తు. ఆ చుక్కను చూపి పెండ్లి తప్పించుట మరియొక యెత్తు.

మరి తేరుకొన్న పిల్లలను తేర్చినదేమి? రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండనులో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అను ఇద్దరు స్త్రీలు హాంప్‌స్టెడ్ శిశుశాలలు నడిపిరి. బాంబుల మోతను తల్లి ప్రక్కన పడి విన్న పిల్లలు దానిని ఓర్చుకొనిరనియు, క్షేమమైన పల్లెకు పంపబడినను తల్లిని ఎడబాసిన పిల్లలే ఎక్కువగ చెదరిరనియు వారు కనిపెట్టిరి. ఆఫ్రికాలో సియెరా లియోన్ దేశపు బాలసైనికులను 2002 మొదలుకొని వెంబడించిన తెరెసా బెటన్‌కోర్టు, ఇల్లును ఊరును అక్కున చేర్చుకొన్నవారు మెరుగుపడిరనియు, వెలివేయబడినవారు క్రుంగిరనియు తెలిపెను. యుద్ధము కాకున్నను పేదరికము, కలహము చవిచూచిన పిల్లలను హవాయి దీవులలోని కవాయిలో ఎమ్మీ వెర్నర్ పరిశీలించినది. 1955లో పుట్టిన 698 మందిలో అధిక కష్టములకు లోనైనవారిలో సుమారు మూడవవంతు మంది చక్కగ ఎదిగిరి. వారిలో పెక్కుమందికి పసితనమున గట్టిగ పట్టుకొనదగిన ఒక పెద్దదిక్కు ఉండెను. అది తల్లియే కానక్కరలేదు; అమ్మమ్మయో, నాయనమ్మయో, పిన్నియో కావచ్చును.

ఇప్పుడు మా అమ్మ చెప్పిన మాట. ఆ రాత్రి ఆమె పెరటి గది గడపమీద కూర్చుండి చెప్పినది మాకు ఇప్పటికిని చెవులలో నున్నది.

"రక్తం రక్తం అంటారేమర్రా? ఒక్క దారిన వచ్చామని మీకెవరు చెప్పారు? ఆ రాత్రి నేను నాయనమ్మ భుజం మీద నిద్రపోతున్నాను. అన్నయ్య అమ్మ పక్కన ఉన్నాడు. అమ్మ మీద ఆకులు కప్పింది వాడే. తెల్లారి నాతో ‘అమ్మ వెనక బండిలో వస్తోంది’ అన్నారు. ఆ మాట నమ్ముకుని నేను చిట్టగాంగు దాకా నడిచాను. వాడికి నమ్ముకోడానికి ఏముంది? వాడు ఏడుస్తుంటే నాన్న, ‘మగపిల్లాడివి, చెల్లెల్ని బెదరగొట్టకు’ అన్నాడు. మళ్ళీ వాడు ఏడవగా నేను చూడలేదు. ఊరు చేరాక నేను నాయనమ్మ ఒళ్ళో పడుకున్నాను. వాణ్ణి నాన్న కాకినాడ తీసుకెళ్ళి చుట్టాలింట్లో దింపాడు. అక్కడా బాంబు పడింది. నా ధైర్యం రక్తంలోది కాదు, నాయనమ్మ ఒళ్ళో దొరికింది. వాడికి ఆ ఒడి దొరకలేదు. డెబ్బయ్యేళ్ళు వాణ్ణి ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు, నేనూ అడగలేదు."

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన సంగతి మేము పుస్తకములలో చదివియుంటిమి. ఆ కాకినాడలో మా మామయ్య ఉండెనని మాకు తెలియదు. ఒకే దారి యని మేము అనుకొన్నవి రెండు దారులు. తొమ్మిదేండ్ల పిల్లవాడు నడిచిన దారిని ఆరేండ్ల పిల్ల నడువలేదు. ఒకరు నిజమును మోసిరి. మరియొకరిని అబద్ధము మోసెను. ఒకరికి ఒడి దొరికెను. మరియొకరికి పరుల యింటి పంచ దొరికెను.

మామయ్య శరీరము పుట్టుకతోనే సున్నితమైనదేమో కాదనము. తమలపాకు తీగ వంటివాడేమో. కాని అట్లయినచో నీడ అతనికే ముందుగ కావలసియుండెను. మేము జన్యువులను మార్చలేము. వాటిని నిందించి చేతులు కడుగుకొనుట మాత్రము మా చేతిలో నుండెను. ఆ పనియే చేసితిమి. దీపావళినాడు ఆ తలుపు తట్టి, చప్పుడు చేయక ప్రక్కన కూర్చుండుటయు మా చేతిలోనే యుండెను. ఆ పని చేయలేదు. మామయ్య 2004లో, అమ్మ 2018లో గతించిరి. ఒకరికి క్షమాపణ చెప్పుకొనలేదు. మరియొకరికి చెప్పుకొంటిమి, ఆమె నవ్వి ఊరకుండినది.

ఆ మనుమరాలికి తరువాత మరియొక చోట పెండ్లియైనది. ఆ సంబంధము వచ్చినప్పుడు మేమే ముందుగ పోయి, మామయ్య రంగూను కథను, కనుమదారిని, కాకినాడను దాచక చెప్పితిమి. "వంశములో ఏమున్నది?" అని అడుగువారికి మాకు తోచిన సమాధానము అదియే: వంశములో ఒక పిల్లవాడు ఉండెను, అతనికి యుద్ధము ఎదురుపడెను, అతడు దానిని దాటి వచ్చి నలువదేండ్లు ఒక మిల్లులో ఒక్క పైసా తేడా లేక లెక్కలు వ్రాసి, ముగ్గురు బిడ్డలను పెంచెను. దీపావళినాటి ఒక్క రాత్రి తలుపు మూసికొనెను. దానిని బలహీనత యనువారు తక్కిన 364 దినములను లెక్కింపలేదని అర్థము.

మన సంఘపు కుటుంబములకు మేము విన్నవించుకొనునది స్వల్పము. రంగమునుండి వచ్చినవారు, నది దాటి వచ్చినవారు, ఇప్పుడు ఎనుబదులు తొంబదులలో మిగిలియున్నవారు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. వారిని కూర్చుండబెట్టి, ఏ దారిన వచ్చితిరి, ప్రక్కన ఎవరుండిరి, రాత్రులు ఎవరి దగ్గర పండుకొంటిరి అని అడుగుడు. వారు చెప్పలేకున్నచో బలవంతము చేయకుడు. అడిగితిరన్న సంగతియే వారికి చాలవచ్చును. మన వీధికి కలహములనుండియో, వరదలనుండియో తప్పించుకొని వచ్చిన పిల్ల ఎవరైన చేరినచో, ఆ పిల్లను వెంటనే బడిలో చేర్పింపుడు, తోడబుట్టినవారినుండి వేరుచేయకుడు, నిద్రపట్టకున్నచో వైద్యునికి చూపుడు. మగపిల్లవాడైనచో ఏడువవద్దని చెప్పకుడు.

మా పెరటి గదికి ఇప్పుడు తలుపు తీసియే యుంచుచున్నాము. పోయిన దీపావళికి మా యింటి చిన్నవారిలో ఒకడు, నాలుగేండ్లవాడు, మొదటి టపాకాయకే బెదరి ఆ గదిలోనికి పరుగెత్తెను. "వీడికి ముత్తాత పోలిక వచ్చింది" అని ఎవరో అనబోయిరి. వాని తల్లి ఆ మాటకు బదులు చెప్పక, లోనికి పోయి, వానిని ఒడిలో పెట్టుకొని, చప్పుడు అణగువరకు అక్కడనే కూర్చుండెను.